స్కాట్లాండ్ రాయి, చీమకుర్తి రాయి

(చీమకుర్తిలో జాతీయ క్రీడా దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ పీఈటీ ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం. పేరుపేరునా చెప్పమని చీటీ ఇచ్చారు గానీ, పిల్లలు పొద్దున్నించీ నిలబడే ఉన్నారు. కూర్చోండమ్మా ముందు.

ఇవాళ ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు. నాకిచ్చిన అంశం వేసవి ఒలింపిక్స్‌కీ శీతాకాల ఒలింపిక్స్‌కీ తేడాలు. క్విజ్‌కి పనికొస్తుందన్నారు, కాబట్టి ఆ ముక్కలు ముందే చెప్పేస్తా, రాసుకోండి. వేసవి ఆటలు 1896లో ఏథెన్స్‌లో మొదలు. శీతాకాలపువి 1924లో, ఫ్రాన్స్‌లోని షామొనీలో. 1992 దాకా రెండూ ఒకే ఏడాది జరిగేవి. 1994లో నార్వేలోని లిల్లెహామర్‌తో వాటికి రెండేళ్ల ఎడం వచ్చింది. 2024 పారిస్‌లో 329 పతక పోటీలు, 2022 బీజింగ్ శీతాకాలపు ఆటల్లో 109. పారిస్‌కి పదివేల మందికి పైగా ఆటగాళ్లు వెళ్లారు, బీజింగ్‌కి మూడు వేల లోపే. క్విజ్ అయిపోయింది.

నెలలు చూసి మాత్రం మోసపోవద్దు. 1964లో టోక్యోలో వేసవి ఒలింపిక్స్ జరిగింది అక్టోబరులో. మంచు మీదో ఐసు మీదో ఆడితేనే అది శీతాకాలపు ఆట. అంతే రూలు. వాలీబాల్‌ని డిసెంబరులో కప్పు కింద ఆడుకున్నా అది వేసవి ఖాతాలోకే పోతుంది.

1924 అన్నాను గదా, ఆ ఏడాది జనవరిలో షామొనీలో మంచు మీద ఆటలైతే, జులైలో పారిస్‌లో వేసవి ఒలింపిక్స్. అందులో క్రాస్ కంట్రీ పరుగు ఉంది, పది కిలోమీటర్ల పైన. రోహిణి కార్తెలో మన క్వారీ రోడ్డు మీద చెప్పుల్లేకుండా పరిగెత్తమంటే ఎట్లుంటుందో అట్లాంటి ఎండ. 38 మంది బయల్దేరితే 15 మందే చివరి గీత దాటారు. తతిమ్మా వాళ్లు దారిలోనే ఆగిపోయారు, కొందరు స్పృహ తప్పి పడిపోయారు. ఫిన్లాండ్ మనిషి పావో నూర్మి మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి గెలిచాడు. ఆ దెబ్బతో ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ మళ్లీ పెట్టలేదు. ఎండలో ఆడే మన పిల్లలకు నీళ్లు, నీడ చూడాలని నేను చెప్పినప్పుడల్లా "మాస్టారికి చాదస్తం" అన్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. సరే, వదిలేద్దాం.

శీతాకాలపు ఆటల్లో కర్లింగ్ అని ఒకటుంది. ఇది మన ఊరోళ్లు వినాలి. ఇరవై కిలోల గుండ్రటి గ్రానైట్ రాయిని పిడి పట్టుకుని ఐసు మీద జార్చి వదుల్తారు. ముందు ఇద్దరు బ్రష్షులతో ఐసుని గబగబా రుద్దుతూ పోతారు. నవ్వకండి, దానికి ఒలింపిక్ గోల్డు ఇస్తారు! ఆ రాయి స్కాట్లాండ్ దగ్గర ఐల్సా క్రేగ్ అనే చిన్న దీవి నుంచి వస్తుంది. నీళ్లు పీల్చని రాయి అది, అందుకే ఐసు మీద పగలదు. మన బంగారు చుక్కల నల్లరాయి ప్రపంచమంతా పోతోంది, నేలకీ గోడకీ అతుక్కుంటోంది. ఒలింపిక్స్‌లో జారే రాయి మాత్రం వాళ్లది.

దానికి నాకేం బాధ లేదు. మంచు మనకు దేవుడియ్యలేదు. నార్వే జనాభా మన రాష్ట్రంలో పదోవంతుకు కాస్త ఎక్కువ, బీజింగ్‌లో 16 స్వర్ణాలు కొట్టింది. మన దేశం నుంచి అక్కడికి వెళ్లింది ఒకే ఒక్కడు, కాశ్మీర్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్. అంతకు ముందు శివ కేశవన్ ఆరు శీతాకాల ఒలింపిక్స్ ఆడాడు, 1998 నుంచి 2018 దాకా. ఆయన ఆట లూజ్. ఐసు గాడిలో వెల్లకిలా పడుకుని బండి మీద జారాలి. దానికి తగిన ట్రాక్ మన దగ్గర లేక, బండికి చక్రాలు బిగించుకుని హిమాలయాల రోడ్ల మీద లారీల మధ్య ప్రాక్టీసు చేశాడు.

అది చలి ప్రాంతం కథ. వేసవి ఆటలకు మంచు అక్కర్లేదు, కొండ అక్కర్లేదు. పరుగుకి కాస్త చదునైన నేల కావాలి. దూకడానికి గుంట, దాన్నిండా ఇసుక. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది, మంచు లేదని ఆగిందా?

నేను చాలా ఏళ్లు పనిచేసిన బడి ఒకటుంది. ఊరి పేరు చెప్పను, ఇక్కడున్న సగం మందికి తెలుసు. నేను చేరినప్పుడు సున్నంతో 200 మీటర్ల ట్రాక్ గీసేవాళ్లం. మొదట ఒక మూల గదులు కట్టారు, కట్టనీ, చదువు కావాలి. తర్వాత ఇంకో మూల షెడ్డు వచ్చింది. ఓ సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిస్తే లాంగ్ జంప్ గుంటలో ఇసుక లేదు. గుంట ఉంది, గుంటలో రెండు సిమెంటు సంచులు ఖాళీవి ఉన్నాయి. ఇసుక కాంపౌండ్ గోడలోకి పోయింది! ఆ గోడకే "ఆటస్థలం" అని బోర్డు కొట్టారు. ఇప్పుడు రాత్రిపూట అక్కడ లారీలు పెడుతున్నారు. చక్రాల గాళ్లలో వాన నీళ్లు నిలుస్తాయి, పిల్లలు కబడ్డీ ఎక్కడ ఆడాలి? పదో తరగతి వాళ్ల గేమ్స్ పీరియడ్ ఎటూ లెక్కలకే పోయింది.

టైమైందని చీటీ వచ్చింది. చూశాను, ఇంకో నిమిషం. తేడాలు చెప్పమన్నారు గదా, నార్వేలో మంచు ఎవరూ ఎత్తుకుపోలేదు, నేను చెప్పేది అదే.

అబ్బయ్యలారా, లారీ ఓనర్లూ, మీ మీద నాకు కోపం లేదు, మీ పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారు. బండ్లకు రోడ్డవతల పోరంబోకు ఉంది, మాట్లాడుకుందాం. అర్జీ రాసి తెచ్చాను, గేటు దగ్గర బల్ల మీద ఉంది. పేరు, ఊరు, సంతకం, అంతే. సోమవారం గ్రీవెన్స్‌కి ఒంగోలు పోతున్నాం. వచ్చేవాళ్లు పొద్దున ఎనిమిదింటికి బస్టాండ్‌లో కలవండి.