530001: విశాఖ పిన్‌కోడులో దాగిన రెండు వర్గాలు

[దృశ్యం: విశాఖపట్నం పాతపట్టణంలో ఒక వీధి. కవరు మీద 530001 అని రాస్తున్న చేయి.]

వ్యాఖ్యానం: విశాఖపట్నం ప్రధాన తపాలా కార్యాలయపు పిన్‌కోడు 530001. 1972 ఆగస్టు 15న ఈ ఆరంకెల పద్ధతి మొదలైన నాటి నుంచి పిన్‌కోడును మనం చిరునామాలో భాగంగానే చూస్తున్నాం. ఈ వీడియోలో దాన్ని ఐదు లక్షల ముప్పై వేల ఒకటి అనే పూర్ణసంఖ్యగా పరిశీలిద్దాం.

అంకెలన్నీ కూడితే 9 వస్తుంది కనుక, ఈ సంఖ్యను 9తో నిశ్శేషంగా భాగించవచ్చు.

[తెర మీద: 530001 = 3 × 3 × 58889]

మిగిలిన 58889ని ఇంకా విడగొట్టగలమా? దాని వర్గమూలం 242కూ 243కూ నడుమ ఉంది కాబట్టి, 2 నుంచి 241 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి సరిగ్గా 53 ఉన్నాయి. మన పిన్‌కోడు కూడా 53తోనే మొదలవడం కాకతాళీయమే అయినా, ఆ భాగహారాలన్నీ కాగితం మీద చేసిన నాకు అది ముచ్చటగా తోచింది. ఏ ఒక్కదానిలోనూ శేషం సున్నా రాలేదు. అంటే 58889 ప్రధాన సంఖ్య.

[తెర మీద: 58889 = ☐² + ☐²]

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న గుణం ఇక్కడే ఉంది. ఏ వర్గాన్ని 4తో భాగించినా శేషం 0 గాని 1 గాని వస్తుంది. కనుక రెండు వర్గాల మొత్తానికి శేషం 3 ఎన్నటికీ రాదు. 58889కి శేషం 1. శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని, అదీ ఒకే ఒక్క విధంగా రాయవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో చెప్పాడు. దాన్ని నిరూపించడానికి స్విస్ గణితవేత్త ఆయిలర్ రావలసి వచ్చింది, అప్పటికి శతాబ్దం గడిచింది.

ఆ ఒక్క విధం ఏదో వెతుకుదాం. 242 నుంచి కిందికి దిగుతూ, ఒక్కొక్క వర్గాన్నీ 58889లోంచి తీసివేసి, మిగిలింది వర్గమేనా అని చూడాలి. మొదటి ప్రయత్నంలోనే 242² + 18² కలిపి 58888 వస్తుంది, ఒక్కటి తక్కువ! 222 దగ్గర మళ్లీ అదే జరుగుతుంది: 222² + 98² కూడా 58888. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన తరువాత, ముప్పై అయిదో ప్రయత్నంలో, 208 దగ్గర, 15625 మిగులుతుంది. అది 125 వర్గం.

[తెర మీద: 208² + 125² = 58889]

ఇరువైపులా 9తో, అంటే 3²తో, గుణిస్తే మన పిన్‌కోడు వస్తుంది.

[తెర మీద: 624² + 375² = 530001]

ఇందులో 3 రెండుసార్లు ఉండడం ముఖ్యం. ఒక్కసారే ఉంటే సంఖ్య 176667 అయ్యేది. దాన్ని 4తో భాగిస్తే శేషం 3, కనుక రెండు వర్గాలుగా విడదీయడం అసాధ్యం.

[దృశ్యం: ఆర్కే బీచ్, పైనుంచి. తీరం వెంబడి ఒక గీత, దానికి లంబంగా ఊరివైపు మరొకటి.]

తీరం వెంబడి 624 మీటర్లు తిన్నగా నడిచి, సముద్రానికి వీపు పెట్టి లంబంగా ఊరివైపు 375 మీటర్లు వెళ్లామనుకోండి. బయలుదేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య సూటి దూరం 728 మీటర్ల ఒక సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. ఆ లంబకోణ త్రిభుజపు కర్ణం మీద గీసిన చతురస్రపు వైశాల్యం సరిగ్గా 530001 చదరపు మీటర్లు.