మూడు కాళ్ళ లస్కరు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట కబుర్లు వోల్టేజ్ రెగ్యులేటర్ అనే మూడు కాళ్ళ చిన్న ఎలక్ట్రానిక్ ముక్క గురించి.

మా నాన్నగారికి నాలుగు సెల్లుల ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి ఉంది. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి అరుగు మీద పొద్దున్నే మొదలై, రాత్రి వార్తలయ్యేదాకా మోగుతూనే ఉంటుంది. సెల్లులు ఊరికే అయిపోతున్నాయని ఆయన సణుగుతుంటే, బజార్లో ఎలిమినేటర్, అంటే సెల్లుల బదులు ఇంటి కరెంటుతో రేడియోను నడిపే డబ్బా, ఒకటి కొనుక్కొచ్చి తగిలించాను. సెల్లుల ఖర్చు తప్పింది గానీ, గుయ్యిమనే చప్పుడు పట్టుకుంది. కచేరీ వస్తుంటే వెనకాల ఎవరో పట్టుదలగా తప్పుడు శ్రుతి వేస్తున్నట్టుండేది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశాను. ఎలిమినేటర్ మీద మీట 6 వోల్టుల దగ్గరే ఉంది. రేడియో తీసేసి కొలిస్తే 9 దాటింది. రేడియో తగిలించి గొంతు పెంచితే కిందికి జారింది. అంటే ఆ డబ్బా మీద రాసిన 6 అనే అంకె ఒక అంచనా, అంతే. లోపల ఉన్నదల్లా చిన్న ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కండెన్సర్. ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. డయోడ్లు ఆ ఊపును ఒకే వైపుకు తిప్పితే సెకనుకు 100 అలలవుతాయి. ఆ అలల మధ్య పల్లాలను కండెన్సర్ పూడ్చాలి. అది చిన్నదైతే పూడ్చలేదు. మా అరుగు మీద వినపడిన గుయ్యి ఆ 100 అలలే.

అప్పుడు నాకో అతితెలివి పుట్టింది. ఇంట్లో ఫోన్ చార్జర్లు నాలుగున్నాయి కదా, 5 వోల్టులు నిక్కచ్చిగా ఇస్తాయి, సెల్లులు కాస్త అరిగాక కూడా రేడియో మోగుతూనే ఉంటుంది కాబట్టి 5 చాలుతుంది అనుకున్నాను. తగిలించాను. గుయ్యి పోయి బర్రుమనే మోత వచ్చింది. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుందని మీకు తెలుసు. చార్జరు లోపల కరెంటును సెకనుకు పదివేల సార్లకు పైగా తుంచి తుంచి వదులుతారు. ఆ తుంపుల రొద మీడియం వేవ్ అంతటా పాకుతుంది. ఫోన్‌కు చెవుల్లేవు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. రేడియోకు ఉన్నవి చెవులే.

ఆ రెండు చప్పుళ్ళూ లేని మూడో దారి ఒకటుంది. దాని పేరు వోల్టేజ్ రెగ్యులేటర్. పాత పద్ధతిది, కాస్త దుబారాది కూడా, కానీ నోరెత్తదు.

రెగ్యులేటర్ అనే మాట మన ఊరికి కొత్త కాదు. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవల తలుపులను ఇరిగేషన్ వాళ్ళు రెగ్యులేటర్ అనే అంటారు. బ్యారేజీ ఎగువన నీరు 12 అడుగులు ఉండొచ్చు, వరదొచ్చి పైకి లేవొచ్చు. కాలవకు మాత్రం ఒకే మట్టం కావాలి. ఆ తలుపులు చూసుకునే మనిషి, అంటే లస్కరు, గట్టు మీద నిలబడి కొలబద్ద చూస్తాడు. నీరు గీత దాటితే తలుపు దించుతాడు, తగ్గితే ఎత్తుతాడు. మనం కొనబోయే చిన్న ముక్క లోపల సరిగ్గా ఇవే మూడున్నాయి. ఎంతకూ మారని ఒక కొలబద్ద, బయటికి వెళ్ళే వోల్టేజీని దానితో పోల్చి చూసే లస్కరు, వాడి చేతిలో తలుపులాంటి ఒక ట్రాన్సిస్టర్. ఇదంతా వేలిగోరంత సిలికాన్ కూడా లేదు. 1970 ప్రాంతంలో అమెరికాలో ఈ మూడు కాళ్ళ ముక్కలు మొదలయ్యాయి. అంతకుముందు ఇదే పనికి బోర్డు నిండా సామాను పరచాల్సి వచ్చేది.

దుకాణంలో అడగాల్సిన పేరు 7806. మొదటి 78 అంటే ప్లస్ వోల్టేజీ ఇచ్చే రకం, చివరి 06 అంటే 6 వోల్టులు. 5 కావాలంటే 7805, 12 కావాలంటే 7812. ఒక్క మాట జాగ్రత్త. 79తో మొదలయ్యేవి కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. అవి మైనస్ వోల్టేజీకి, కాళ్ళ వరస కూడా వేరు. ఒకసారి నేను హడావిడిలో చూసుకోకుండా 7906 తెచ్చుకుని, ఒక సాయంత్రమంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేను. కాబట్టి దాన్ని చేతిలో పట్టుకున్నట్టు ఊహించుకోండి. అక్షరాలున్న నల్ల మొహం మీ వైపు, కాళ్ళు కిందికి. ఎడమ కాలు లోపలికి వచ్చే కరెంటుకు. మధ్య కాలు మైనస్, అంటే గ్రౌండ్. కుడి కాలు బయటికి. నది, గట్టు, కాలవ అని గుర్తుపెట్టుకోండి.

230 వోల్టుల జోలికి మనం పోవద్దు. పాత ఎలిమినేటర్‌నే నదిగా వాడుకుందాం, మీటను 9 దగ్గర పెడదాం. దాని నుంచి వచ్చే రెండు తీగల్లో ప్లస్ ఏదో మైనస్ ఏదో మీటరుతో చూసుకోండి, రంగును నమ్మొద్దు. ప్లస్‌ను ఎడమ కాలికి, మైనస్‌ను మధ్య కాలికి అతకండి. ఆ రెండింటి మధ్య 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కండెన్సర్ ఒకటి పెట్టండి. ఎలిమినేటర్ లోపలి చిన్నదానికి ఇది అన్నయ్య. డొక్క మీద తెల్లచార ఉన్న కాలు మైనస్. తిరగేస్తే అది ఉబ్బి పేలుతుంది, మొహం పెట్టి చూస్తున్నప్పుడే పేలుతుంది. ఇక బిళ్ళల్లాంటి చిన్న కండెన్సర్లు రెండు. 334 అని రాసి ఉన్నది లోపలి వైపు, 104 అని ఉన్నది బయటి వైపు, రెండూ రెగ్యులేటర్ కాళ్ళకు ఆనుకునేంత దగ్గరగా పెట్టాలి. ఇవి లేకపోయినా పనిచేస్తోంది కదా అని చాలామంది వదిలేస్తారు. తీగలు పొడుగైతే లస్కరు తికమకపడి తలుపును ఎత్తడం దించడం ఆపకుండా చేస్తుంటాడు. ఆ వణుకు మళ్ళీ రేడియోలోనే వినపడుతుంది.

అంతే, సామాను అయిపోయింది. రేడియో తగిలించే ముందు కుడి కాలి దగ్గర కొలవండి. 5.75కూ 6.25కూ మధ్య ఎక్కడున్నా మంచిదే. లోపలికొచ్చే 100 అలల్ని ఈ ముక్క సుమారు వెయ్యో వంతుకు అణిచేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. లస్కరు నీటిని ఆపగలడు గానీ పుట్టించలేడు. మే నెలలో కృష్ణలో నీళ్ళు కాలవ మట్టానికి దిగువన ఉంటే ఎంత గొప్ప లస్కరైనా ఏం చేస్తాడు? ఈ ముక్కకు కూడా లోపలి వైపు కనీసం 2 వోల్టులు అదనంగా ఉండాలి. 6 కావాలంటే 8 రావాలి, అలల పల్లం కూడా 8కి పైనే ఉండాలి. తక్కువైతే గుయ్యి తిరిగొస్తుంది.

మరీ ఎక్కువైనా చిక్కే. ఆపేసిన నీరు నదిలోనే ఉండిపోతుంది గానీ, ఇక్కడ ఆపిన వోల్టేజీ వేడిగా మారాల్సిందే. ఎంత వేడో లెక్క చాలా తేలిక. ఎన్ని వోల్టులు తగ్గించామో దాన్ని ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో దానితో గుణిస్తే అన్ని వాట్లు. మా నాన్నగారి రేడియో తాగేది ఓ 80 మిల్లీ ఆంపియర్లు. మీట 9 దగ్గరున్నా లోపలికి 12 వచ్చి, అందులో 6 పోతోందనుకుంటే అర వాటు కూడా కాదు. ముక్క గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

మా మేనల్లుడి కథ వేరు. పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. మొక్కలకు వాటంతటవే నీళ్ళు పోసే ప్రాజెక్టు చేశాడు. 12 వోల్టుల అడాప్టర్, 7805, దాని మీద ప్రోగ్రాం నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు, స్విచ్చుల్లాంటి రిలేలు రెండు, ఒక డిస్‌ప్లే. ఐదు నిమిషాలు బాగా నడిచేది, ఆగేది, కాసేపటికి దానంతటదే లేచేది. "మామయ్యా, ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది" అని రెండు రోజులు రాత్రిళ్ళు మేలుకుని వెతికాడు. నేను వెళ్ళి ఆ ముక్క మీద వేలు పెట్టాను. చుర్రుమంది.

లెక్క వేయించాను. 7 వోల్టులు, 0.4 ఆంపియర్లు, 2.8 వాట్లు. గాలిలో ఒంటరిగా నిలబడ్డ ఈ ముక్క ఒక్కో వాటుకు 65 డిగ్రీల చొప్పున లోపల వేడెక్కుతుంది. అంటే 180 డిగ్రీల పైమాటే, దాని మీద మన మే నెల ఎండ 42. లోపల 150 ప్రాంతానికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి అదే మూతపడుతుంది, చల్లారాక తెరుచుకుంటుంది. పాపం ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. 12 తీసేసి 9 వోల్టుల అడాప్టర్ పెట్టించాను, వేడి 1.6 వాట్లకు దిగింది. అదొక్కటీ చాలదు. ఎండతో కలిపి లెక్క 146 డిగ్రీల దగ్గరే, అంటే 150 అంచునే ఆగింది, కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ మూతపడేది. వీపుకు వేడిని గాలికి వదిలే చిన్న అల్యూమినియం రేకు, అంటే హీట్ సింక్, మధ్యలో తెల్ల పేస్టు వేసి మర బిగించాక కుదుటపడింది. ఒక ఆంపియర్ పైన లాగే పనులకు మాత్రం నేను ఈ ముక్క పేరు చెప్పను. అక్కడ తుంచి వదిలే రకమే నయం, రొద ఉన్నా సరే.

6, 5, 12 కాకుండా మధ్యలో ఏదో ఒకటి కావాలనే వాళ్ళకు, వోల్టేజీని మనమే సరిచేసుకోగల ఎల్ఎం 317 అనే ముక్క ఉంది. 1976లో బాబ్ డాబ్‌కిన్ అనే అమెరికన్ ఇంజినీరు రూపొందించాడు, ఇప్పటికీ దుకాణాల్లో అమ్ముతూనే ఉన్నారు. దాని కొలబద్ద 1.25 వోల్టులు. 240 ఓములు, 910 ఓముల రెసిస్టర్లు రెండు పెడితే 6 వోల్టులకు దాదాపు సరిగ్గా వస్తుంది. 910 బదులు 1500 పెడితే 9. కానీ కాళ్ళ వరస మారిపోతుంది. ఎడమ కాలు సరిచేసేది, మధ్యది బయటికి, కుడిది లోపలికి. దీని వీపు రేకు కూడా గ్రౌండ్ కాదు, బయటికెళ్ళే వోల్టేజీ అక్కడ ఉంటుంది. హీట్ సింక్‌ను పెట్టె ఇనుముకు తగిలిస్తే షార్టే. మధ్యలో కరెంటును పారనివ్వని మైకా బిళ్ళ వేయాలి.

మా 7806ను ఒక పాత సబ్బుపెట్టెలో పెట్టి, గాలికి నాలుగు చిల్లులు పొడిచి, ఒక ఆదివారం సాయంత్రం నాన్నగారి రేడియోకు తగిలించాను. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంటుంటే అరుగు మీద నుంచి కేక.

"ఒరేయ్, స్టేషన్ కట్టేసినట్టున్నారురా!"

పరుగెత్తుకొచ్చాను. ఒక కార్యక్రమం అయిపోయింది, రెండోది ఇంకా మొదలుకాలేదు. ఆ మధ్యలో ఉన్న కాస్త నిశ్శబ్దం ఆయన చాలా రోజుల తరవాత వింటున్నారు.