బస్సు కింద తడి, ఆఫీసుకు వెళ్ళిన ఉత్తరం

అందరికీ నమస్కారం. "స్కూలు బస్సులకు రీకాల్ వచ్చిందటండీ, ఫ్యూయల్ లీకవుతోందట, పిల్లల్ని ఎక్కించమంటారా వద్దా?" అని ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. రీకాల్ అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం. నేను ఇక్కడ అమెరికాలో కొన్నేళ్ళు బస్సుల షెడ్డులో పనిచేసినవాణ్ణి. ఎక్కించండనీ మానమనీ చెప్పేంత పెద్దరికం నాకు లేదు. అసలు ఏం జరుగుతుందో, ఎవరిని ఏం అడగాలో మాత్రం చెప్పగలను.

ముందు లీకు సంగతి. చాలామంది ట్యాంకుకు చిల్లు పడిందనుకుంటారు. అది అరుదు. ఎక్కువగా కనిపించేది రాపిడి. ఫ్యూయల్ గొట్టం ఒక ఇనుప బ్రాకెట్‌కు ఆనుకుని, ఇంజను అదురుకి నెలల తరబడి రాసుకుని రాసుకుని పలచబడుతుంది. లేదా బిగించాల్సిన క్లాంపు సరిగా బిగించరు. లేదా రబ్బరు ఓ-రింగు ఎండిపోతుంది. చాప కింద నీరంటామే, అచ్చం అలాంటిదే. పొద్దున్న డ్రైవరు బండి చుట్టూ తిరిగి వంగి చూస్తే నేల పొడిగానే ఉంటుంది. ఎందుకంటే పంపు తిరిగి, లైనులో ఒత్తిడి వచ్చాకే చాలా లీకులు బయటపడతాయి. బండి కదిలాక కారిన చుక్కని గాలి వెనక్కి తోసేస్తుంది. తడి కనిపించేది ఒకచోట, కారేది ఇంకోచోట. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు తడి ఉన్నచోటే గంటలు గంటలు వెతుకుతుంటారు, పాపం. డీజిల్ ఇంజనులో ఇంజెక్టర్ల వైపు వెళ్ళే లైను అయితే మరీ జాగ్రత్త. ఆ ఒత్తిడికి సన్నటి చీలికలోంచి వచ్చే ధార చర్మాన్ని కోసి లోపలికి దూరుతుంది. చెయ్యి పెట్టి తడిమి చూడకూడదు.

ఇంధనాన్ని బట్టి ప్రమాదం స్వభావం మారుతుంది. డీజిల్ పెట్రోలంత తేలిగ్గా అంటుకోదు, నిజమే. కానీ ఇంజను దగ్గర బాగా వేడెక్కే టర్బో మీదో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదో తుంపరగా పడితే నిప్పురవ్వ అక్కర్లేదు, ఆ వేడి చాలు. ఈ మధ్య చాలా డిస్ట్రిక్టులు, అంటే ఇక్కడ స్కూళ్ళను నడిపే స్థానిక సంస్థలు, ప్రొపేన్ బస్సులు కొంటున్నాయి. ప్రొపేన్ ఆవిరి గాలికంటే బరువు, సుమారు ఒకటిన్నర రెట్లు. లీకైతే కిందికి దిగి పల్లంలో, షెడ్డు గుంతలో పేరుకుంటుంది. గాలిలో రెండు శాతం దాటితే చాలు, అంటుకోగలదు. సీఎన్జీ దీనికి తలకిందులు. గాలికంటే తేలిక కాబట్టి పైకప్పు కిందికి చేరుతుంది. ఈ రెండింటికీ సొంత వాసన లేదు, కుళ్ళిన వాసన కావాలని కలుపుతారు. అందుకే పిల్లవాడు "బస్సులో ఏదో కంపు" అంటే కొట్టిపారేయకండి. అది వాడి ఊహ కాకపోవచ్చు.

ఇక చట్టం. ఇక్కడ ఇంధన వ్యవస్థకు 301 అనే ఫెడరల్ ప్రమాణం ఉంది. పరీక్షలో పెద్ద స్కూలు బస్సును 4,000 పౌండ్ల బరువున్న అడ్డు బండితో గంటకు 30 మైళ్ళ వరకు ఏ వేగంతో, ఏ వైపు నుంచి, ఏ కోణంలో గుద్దినా, బస్సు నిలిచేలోపు ఒక ఔన్సుకు మించి కారకూడదు. అంటే 28 గ్రాములు. తర్వాతి ఐదు నిమిషాల్లో మొత్తం ఐదు ఔన్సులకు మించకూడదు. గుద్దిన తర్వాత కూడా అంతే మరి! అలాంటిది ఏ దెబ్బా తగలకుండా, మామూలుగా నడుస్తున్న బస్సు కారడమేమిటి? రీకాల్ వచ్చేది అందుకే.

ఈ ప్రమాణం పెద్ద స్కూలు బస్సులకు 1977 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ గుర్తుంచుకోండి. 1988 మే 14 రాత్రి కెంటకీలోని క్యారల్టన్ దగ్గర, ఇంటర్‌స్టేట్ 71 మీద, తాగిన డ్రైవరు ఎదురుదారిలో నడిపిన ఒక పికప్ ట్రక్కు ఒక చర్చి బస్సును ఢీకొట్టింది. అందులో 67 మంది. ఎక్కువమంది పిల్లలే, అమ్యూజ్‌మెంట్ పార్కు చూసి ఇంటికి వెళ్తున్నారు. ముందు చక్రం దగ్గరి స్ప్రింగు పట్టీ వెనక్కి దూసుకొచ్చి, మెట్ల వెనకున్న పెట్రోలు ట్యాంకును చీల్చింది. ముందు తలుపు మూసుకుపోయింది. మిగిలింది ఒక్క వెనక తలుపు, దానికి సన్నటి నడవ. 27 మంది చనిపోయారు. గుద్దిన దెబ్బకి కాదు, మంటకీ పొగకీ.

అది అంతకుముందు స్కూలు బస్సే. స్కూలు అమ్మేస్తే చర్చి కొనుక్కుంది. దాని ఛాసిస్, అంటే అడుగు చట్రం, తయారైంది 1977 మార్చి 23న. ప్రమాణం అమలుకు తొమ్మిది రోజుల ముందు! కాగితాల లెక్కన ఆ బస్సులో తప్పేమీ లేదు. తయారైన నాటి చట్టానికి అది సరిపోయింది, కొత్త ప్రమాణం పాత బస్సును ముట్టుకోదు. తర్వాత కెంటకీ తన స్కూలు బస్సులకు తొమ్మిది అత్యవసర ద్వారాలు పెట్టించింది, ట్యాంకు చుట్టూ పంజరం బిగించమంది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, రీకాల్‌కూ ఇలాంటి గీతలున్నాయి. లోపం ఉందని కంపెనీ తేల్చుకున్నాక ఐదు పనిదినాల్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు, అంటే రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థకు, చెప్పాలి. ఆ తర్వాత 60 రోజుల్లో యజమానులకు ఉత్తరాలు వెళ్ళాలి. మొదటి ఉత్తరంలో చాలాసార్లు ఉండేది ఒక్కటే, "లోపం ఉంది, మార్చాల్సిన విడిభాగాలు ఇంకా సిద్ధం కాలేదు, మళ్ళీ రాస్తాం" అని. ఇంతకీ యజమాని ఎవరు? రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాళ్ళు. మీరు కాదు, ప్రిన్సిపాల్ కాదు. బస్సులు కాంట్రాక్టరువైతే డిస్ట్రిక్టు కూడా కాదు. మొదటి కొనుగోలు జరిగి 15 ఏళ్ళు దాటిన బండికి ఉచితంగా బాగుచేయాలన్న నిర్బంధం లేదు. 2015 దాకా అది పదేళ్ళే. పాత బస్సును రీకాల్ పని పెండింగ్‌లో ఉండగానే అమ్మినా ఫెడరల్ చట్టం అడ్డుకోదు. డిస్ట్రిక్టు వదిలించుకున్న బస్సు ఏ సమ్మర్ క్యాంపుకో, గుడి పిక్నిక్‌కో మళ్ళీ మన పిల్లల్నే ఎక్కించుకుంటుంది. నాకు స్కూలు బస్సుకంటే ఆ అద్దె బస్సే ఎక్కువ భయం, నిజం చెప్పాలంటే.

కాబట్టి "మా బస్సు సేఫేనా" అని అడగకండి. దానికి జవాబు ఎప్పుడూ "సేఫే" అనే వస్తుంది. ప్రతి రీకాల్‌కూ ఒక నంబరు ఉంటుంది, మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాత వి అక్షరం, తర్వాత మూడంకెలు. ఆ నంబరు చెప్పి, "దీని కిందికి వచ్చే బస్సులు మన దగ్గర ఎన్ని? వాటి విన్ నంబర్లేమిటి? ఒక్కోటి ఏ తేదీన బాగుచేశారు?" అని మెయిల్ పెట్టండి. విన్ అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు. కంపెనీ ఇచ్చిన నివేదిక ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దగ్గర అందరికీ అందుబాటులో ఉంటుంది. అందులో "లోపం ఉండే అవకాశం ఇంత శాతం" అని ఒక గడి కనిపిస్తుంది. అక్కడ ఒక శాతం అని చూసి ఊరట పడకండి. ఆ ఒక శాతం మన షెడ్డులో ఉందో లేదో బండి కిందికి దూరి చూస్తేనే తెలుస్తుంది.

నేను మా పిల్లల డిస్ట్రిక్టుకు ఇలాగే రాశాను. మొదటి మెయిల్‌కు జవాబే లేదు. రెండోదానికి "భద్రతే మా ప్రథమ ప్రాధాన్యం" అని వచ్చింది. మూడోసారి బస్సు నంబర్లు వేసి రాస్తే, రవాణా విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, రెండు బస్సులకు ఇంకా విడిభాగాలు రాలేదని, వాటిని రూట్ల నుంచి తీసి పక్కన పెట్టామని చెప్పారు. చెప్పినందుకు ఆవిడకు థాంక్స్ చెప్పాను. ఆ రెండూ మళ్ళీ రోడ్డెక్కే ముందు చెప్పమని కూడా అడిగాను.

ఇక మీ ప్రశ్నలు. మీ పిల్లల బస్సు నంబరు రాసుకొచ్చినవాళ్ళు ముందుకు రండి, ఆ మెయిల్ ఇక్కడే కూర్చుని రాసేద్దాం.