గడువు పెట్టిన వెంటిలేటర్

శ్రోతలకు నమస్కారం. యూదుల ధర్మశాస్త్రాన్ని హలాఖా అంటారు. అది సముద్రమంత పెద్దది, మనకున్న సమయం కొద్ది. అందుకే ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఇక కోలుకోరని తెలిసిన మనిషికి వెంటిలేటర్ ఎంతకాలం ఉంచాలి?

ముందుగా యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లోని ఒక కథ. సుమారు 1800 ఏళ్ల కిందటి మాట. గలిలయలో యూదా హనాసీ అనే మహా గురువు మంచం పట్టారు. నోటిమాటగా వచ్చిన యూదుల ధర్మనియమాలను మిష్నా గ్రంథంగా కూర్చింది ఆయనే. శిష్యులు ఉపవాసాలుండి ఆయన బతకాలని ప్రార్థిస్తున్నారు. ఆపకుండా ప్రార్థిస్తున్నారు. ఆ ఇంట్లో ఒక పనిమనిషి ఉంది. మేడెక్కి ఆమె కూడా మొదట అదే కోరుకుంది. "పైలోకంవాళ్లు ఆయన్ని రమ్మంటున్నారు, ఇక్కడివాళ్లు ఉండమంటున్నారు. ఇక్కడివాళ్లే గెలవాలి" అంది. తర్వాత ఆయన అవస్థ చూసింది. మాటిమాటికీ మరుగుదొడ్డికి లేవాలి. లేచిన ప్రతిసారీ ప్రార్థనకు కట్టుకున్న తోలు పట్టీలు విప్పాలి, మళ్లీ కట్టుకోవాలి. చూడలేకపోయింది. "పైవాళ్లే గెలవాలి" అంది. శిష్యులు ప్రార్థన ఆపలేదు. అప్పుడామె ఒక కూజా తీసి మేడ మీంచి కిందికి విసిరింది. ఆ చప్పుడుకు ప్రార్థన ఆగింది. ఆ క్షణంలో గురువుగారి ప్రాణం పోయింది.

తాల్ముద్ ఆమెను తప్పుపట్టదు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. ఆమె రోగిని ముట్టుకోలేదు. ఆయన్ని పోనివ్వకుండా పట్టి ఉంచినదాన్ని ఆపింది. యూదుల మతగురువును రబ్బీ అంటారు. 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకో నగరపు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ కూడా ఇలాగే రాశారు. చావును తొందరపెట్టకూడదు. కానీ బయట కట్టెలు కొట్టే చప్పుడు ప్రాణం పోవడానికి అడ్డుపడుతుంటే, ఆ చప్పుడు ఆపించవచ్చు.

మరి వెంటిలేటర్ ఆ చప్పుడు లాంటిదేనా? కాదంటారు చాలామంది రబ్బీలు. నడుస్తున్న మెషీన్‌ను ఆపడం చేతులారా ప్రాణం తీయడమే అంటారు. ఇజ్రాయెల్‌లో ఈ చిక్కు మీద కూర్చున్న కమిటీకి అవ్రహామ్ స్టైన్‌బర్గ్ నాయకత్వం వహించారు. ఆయన డాక్టరూ, రబ్బీ కూడా. 2005లో చట్టం వచ్చింది. ఆరు నెలలకు మించి బతకరని తేలిన రోగులకు అది వర్తిస్తుంది. నిరంతరంగా నడిచే మెషీన్‌ను ఆపకూడదు. కానీ దానికి టైమర్ పెట్టవచ్చు. గడువు తీరి ఆగిపోతే, రోగి వద్దనుకున్నప్పుడు తిరిగి మొదలుపెట్టనక్కర్లేదు. యూదుల ఇళ్లలో విశ్రాంతి దినాన స్విచ్ వేయకూడదు కాబట్టి ముందే టైమర్ పెట్టుకోవడం ఎప్పట్నుంచో ఉంది. ఆలోచన అక్కడిదే.

ఇదంతా ఒక కిటుకు అనిపించవచ్చు. నాకలా అనిపించదు. గడువు దగ్గరపడుతుంటే ఎవరో ఒకరు ఆ మనిషి గురించి మళ్లీ ఆలోచించక తప్పదు కదా! శిష్యులు ఒకటి కోరారు, పనిమనిషి ఒకటి కోరింది. గురువుగారిని అడిగినట్టు మాత్రం కథలో లేదు. ఈ చట్టం అడగమంటుంది. తెలివిలో ఉండగానే మనిషి తనకేం కావాలో, ఏం వద్దో రాసిపెట్టవచ్చు. తన తరఫున నిర్ణయం చెప్పే మనిషిని నియమించుకోవచ్చు. ఏది వద్దని రాసినా సరే, నొప్పి తగ్గించే వైద్యం మాత్రం అందాల్సిందే.