ఇంటి గురించి రాయడం ఎలా: ప్లాన్ నుంచి పేరా దాకా

నమస్కారం. ఇళ్ల గురించి, గృహ నిర్మాణం గురించి రాయడాన్నే వృత్తిగా చేసుకోదలచిన వారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. తెర మీద కనిపిస్తున్నది ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ప్లాన్. ఈ పాఠం కోసం నేనే గీశాను.

ముందుగా ఉత్తరం గుర్తు, స్కేలు చూసుకోవాలి. తర్వాత సింహద్వారం నుంచి, ఇదిగో కర్సర్ కదులుతున్న దారిలో, హాలు, వంటగది, పడకగదులు, బాల్కనీ వరుసగా చూసుకుంటూ వెళ్లాలి. నాలుగు ప్లాన్లు చూస్తే ఇది దానంతటదే అలవాటవుతుంది కాబట్టి ముందుకు వెళ్తున్నాను.

ఇక విస్తీర్ణం. ఇక్కడ మాత్రం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఇక్కడ తేడా వస్తే వ్యాసం మొత్తం తప్పుతుంది, దాన్ని నమ్మి కొన్నవారు నష్టపోతారు. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది చాలాసార్లు సూపర్ బిల్టప్ ఏరియా. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ వంటి ఉమ్మడి స్థలాల్లో ఆ ఫ్లాటుకు వచ్చే వాటా కూడా కలిసి ఉంటుంది. 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే చట్టం, నిర్వచించినది కార్పెట్ ఏరియాను. దాని ప్రకారం ఫ్లాటు లోపల వాడుకోదగిన నేలతో పాటు లోపలి అడ్డుగోడల మందం కూడా లెక్కలోకి వస్తుంది. బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు (పైపులు, వైర్లు వెళ్లే నిలువు ఖాళీలు), ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, వరండా, ఓపెన్ టెర్రస్ రావు. మరోసారి చెబుతున్నాను: లోపలి గోడ వస్తుంది, బయటి గోడ రాదు, బాల్కనీ రాదు. ఇక్కడ పసుపు రంగు వేసినంత మేరే కార్పెట్ ఏరియా.

దీని ప్రభావం ధరలో చూడండి. 60 లక్షల రూపాయల ఫ్లాటుకు సూపర్ బిల్టప్ 1,200 చదరపు అడుగులు అనుకుంటే, చదరపు అడుగు 5,000 రూపాయలు పడుతుంది. అదే ఫ్లాటు కార్పెట్ ఏరియా 800 అయితే 7,500 పడుతుంది. రెండు ప్రాజెక్టులను పోల్చి రాసేటప్పుడు ఒకదానికి ఈ లెక్క, మరొకదానికి ఆ లెక్క వాడకూడదు. రెరాలో నమోదయ్యే ప్రాజెక్టులు కార్పెట్ ఏరియా వివరాలు ఇవ్వాల్సిందే కాబట్టి, బ్రోచర్ పక్కన పెట్టి మీ రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరవండి. అక్కడ అంకె చదరపు మీటర్లలో ఉంటే 10.764తో గుణించండి, నేను ఈ సూత్రాన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో శాశ్వతంగా పెట్టుకున్నాను.

ఇప్పుడు పడకగది. పది అడుగులు, పన్నెండు అడుగులు అని రాసి వదిలేస్తే పాఠకులకు ఏమీ కనిపించదు. పది అడుగుల వైపు ఆరున్నర అడుగుల పొడవు మంచం వేసి, దాని కాళ్ల వైపు గోడకు రెండు అడుగుల లోతు వార్డ్‌రోబ్ పెడితే, మధ్యలో మిగిలేది అడుగున్నర. రెండు అడుగుల వెడల్పున్న వార్డ్‌రోబ్ తలుపు అక్కడ పూర్తిగా తెరుచుకోదు. మీరు రాయవలసింది ఈ వాక్యాన్నే. కొలతలకు ఖాళీ హాలులో లేజర్ మీటరు హాయిగా ఉంటుంది, కానీ ఎండ పడే బాల్కనీలో దాని చుక్క సరిగా కనిపించదు. అందుకే స్టీలు టేపు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

రాయడం అయ్యాక కంట్రోల్, ఎఫ్ నొక్కి "విశాలమైన" అనే మాటను వెతకండి. అది దొరికిన ప్రతిచోటా కొలత పెట్టండి, లేదా ఆ గదిలో ఏం పడుతుందో చెప్పండి.

చివరగా, ప్లాన్ చూడని ఒకరికి మీ వ్యాసం చదివి వినిపించి, ఇంటి బొమ్మ గీయమనండి. వంటగది తలుపు ఏ వైపు ఉందో వారికి తేలకపోతే, తెర మీద నేను చేస్తున్నట్టు, ఆ పేరాను సింహద్వారం దగ్గర మొదలుపెట్టి తిరగరాయండి.