డిస్‌క్లోజ్: తలుపు తీసేది ఎవరు?

సభకు నమస్కారం. అనువాదం నేర్చుకుంటున్న మీతో ఈ పూట ఒక్క ఇంగ్లీషు మాట గురించే మాట్లాడాలనుకున్నాను. అది డిస్‌క్లోజ్. నిఘంటువు తెరిస్తే వెల్లడించు, బయటపెట్టు, తెలియజేయు అన్న అర్థాలు కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒకటి పెట్టేసి ముందుకు సాగిపోవడం మనకు అలవాటు. చట్టాలూ బీమా పత్రాలూ తెలుగులోకి తెచ్చేవారికి మాత్రం ఇక్కడ తొందర పనికిరాదు.

మూయడం అనే అర్థమున్న లాటిన్ క్రియ క్లౌదెరే దీనికి మూలం. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. షాపు క్లోజ్ చేశారని మనం రోజూ అనే క్లోజ్ కూడా అక్కడ పుట్టిందే. ముందున్న డిస్ ఆ మూతను తీస్తుంది. కాబట్టి ఈ మాట వాడాలంటే మూసి ఉన్నదొకటి ఉండాలి; చాలా సందర్భాల్లో, దాన్ని తెరిచే హక్కో బాధ్యతో ఉన్న మనిషీ ఉండాలి. రివీల్‌లో ముసుగు తొలగుతుంది. డైవల్జ్‌లో జనసామాన్యం అనే అర్థమున్న వుల్గుస్ దాగి ఉంది కనుక గుట్టు నలుగురి నోళ్లలో పడుతుంది. ఎక్స్‌పోజ్ చేసేది మాత్రం సాధారణంగా బయటి చెయ్యి. ఒక కంపెనీ తన అప్పుల సంగతి తానే చెబితే డిస్‌క్లోజ్, అదే సంగతిని విలేకరి తవ్వి తీస్తే ఎక్స్‌పోజ్. ఈ రెండోదానికి తెలుగులో బట్టబయలు చేయడం, గుట్టు రట్టు చేయడం అనే పదునైన మాటలున్నాయి. మొదటిదాని దగ్గరే తడుముకుంటాం.

ఒకసారి జీవిత బీమా ప్రతిపాదన పత్రం ఒకటి అనువదించాను. షుగరు, బీపీ, జరిగిన ఆపరేషన్లు, పొగాకు అలవాటు అన్నీ డిస్‌క్లోజ్ చేయమని అందులో ఉంది. మొదట 'తెలియజేయండి' అని రాశాను. మర్నాడు చదువుకుంటే తప్పు తెలిసింది. బీమాలో అబద్ధం ఆడకపోవడం ఒక్కటే సరిపోదు. తెలిసిన ముఖ్య విషయం చెప్పకుండా ఊరుకున్నా క్లెయిము చిక్కుల్లో పడవచ్చు. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై 3 ఏళ్లు దాటాక దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు గానీ, ఆ లోపు ముఖ్య విషయం దాచారన్న కారణంతో ప్రశ్నించవచ్చు. అందుకే 'దాచకుండా తెలపండి' అని మార్చాను. డిస్ చేసే పనంతా ఆ 'దాచకుండా' చేస్తుంది. పైగా అది మన ఇళ్లలో పిల్లల్ని కూర్చోబెట్టి అడిగేటప్పుడు వాడే మాటే.

వెల్లడించు మంచి మాట. దాన్ని పత్రికలు అరగదీస్తున్నాయన్నదే నా బాధ. మంత్రి రేపు వస్తారని అధికారి 'వెల్లడించారు' అని రాస్తాం. అందులో మూసి ఉన్నదేమిటి? అక్కడ 'చెప్పారు' చాలు. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల అభ్యర్థులు తమ ఆస్తులూ అప్పులూ కేసులూ అఫిడవిట్‌లో చూపవలసి వచ్చింది. వెల్లడి అన్న మాటకు తగిన చోటు అది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఎవరూ అడగకముందే కార్యాలయాలు తమంతట తాము వెల్లడించవలసిన వాటి పట్టిక ఇచ్చింది.

వ్యాకరణం సంగతి ఒక్కటి. మన 'గురించి' ప్రభావంతో చాలామంది డిస్‌క్లోజ్ తర్వాత అబౌట్ చేరుస్తారు. అది అక్కర్లేదు; ఈ క్రియ కర్మను నేరుగా తీసుకుంటుంది, ఎవరికి చెప్పామో వారి ముందు టూ వస్తుంది.

చివరగా, తెరవకూడని తలుపు. అత్యాచార బాధితురాలి గుర్తింపును డిస్‌క్లోజ్ చేయడం పాత శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్ అయింది. ఆ నిబంధనలోనే ఒక మినహాయింపు ఉంది: బాధితురాలు స్వయంగా రాతపూర్వకంగా అనుమతిస్తే పేరు ప్రచురించవచ్చు. తాళంచెవి ఆమె చేతిలోనే ఉందన్నమాట. ఈ వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు 'ప్రచారం చేయరాదు' అని రాస్తే ఆ సంగతి జారిపోతుంది. 'ఆమె అనుమతి లేకుండా వెల్లడించరాదు' అని రాయండి.