మైనపు దారమా, జిప్ టైనా

బావ: ఇచ్ఛాపురం నుంచి అందరికీ నమస్కారం. ఈ వారం ఆంప్లిఫైయర్ బాక్సులో వైర్లను దారంతో కట్టుకోవడం, అంటే కేబుల్ లేసింగ్.

బామ్మర్ది: బేగి చెప్పు బావా.

బావ: సరే, బేగి చెప్పేస్తా. మొదట వైర్ల కట్టకి క్లోవ్ హిచ్ అనే రెండు చుట్ల ముడి వేసి, దాని మీద రీఫ్ నాట్ అనే జంట ముడి బిగించాలి. అక్కడి నుంచి వరసగా మార్లైన్ హిచ్ అనే ముడులు. వైరు పక్కకి చీలే ప్రతిచోటా ఒక ముడి పడాలి. దారానికి తేనెమైనం...

బామ్మర్ది: మొదలెట్టావా! అసలు లాగితే బిగిసే ప్లాస్టిక్ పట్టీ, జిప్ టై, ఉండగా ఇదంతా ఎందుకు? రోజూ ఇన్వర్టర్లు బాగుచేసేవాణ్ణి, నన్నడుగు. ఒక్క వైరు మార్చాలంటే టై కోస్తాను, కొత్తది వేస్తాను. నీ దారం ఒకచోట తెగితే మొత్తం ఊడొస్తుంది.

బావ: ఊడదు. మార్లైన్‌లో ఏ ముడికి ఆ ముడే బిగిసి ఉంటుంది.

బామ్మర్ది: చేతుల సంగతో? 1958లో థామస్ అండ్ బెట్స్ కంపెనీలో మారస్ లోగన్ జిప్ టై ఎందుకు కనిపెట్టాడు? విమానాల ఫ్యాక్టరీలో మైనపు దారం లాగి లాగి పనివాళ్ళ వేళ్ళు కోసుకుపోతుంటే చూసి. వాళ్ళ నొప్పి చూసి చేసిన వస్తువది. నువ్వు దాన్ని తీసిపారేస్తే నాకు నచ్చదు.

బావ: తీసిపారేయడం లేదురా. లోగన్ మంచి పనే చేశాడు. కానీ కోసిన టై మొన మీద చెయ్యి గీసుకుపోలేదా నీకు? ఎక్కువ బిగిస్తే వైరు తొడుగు నొక్కుకుపోదా? అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్లో వైర్లు దారంతోనే కట్టారు. ఎలా కట్టాలో నాసా ప్రమాణాల్లో, 8739.4లో, రాసి ఉంది.

బామ్మర్ది: మనం అంగారకుడికి పోవట్లేదు. సోంపేట పోతున్నాం.

బావ: సోంపేటలోనే చూడు, మేడ మీద సోలార్ ప్యానెల్ కింద తెల్ల టైలు ఎండకి పెళుసెక్కి పుటుక్కున విరిగిపోతాయి.

బామ్మర్ది: అక్కడ నల్లవి వాడాలి. ఎండకి ఆగుతాయి.

బావ: అది ఒప్పుకుంటా.

బామ్మర్ది: తిత్లీ తుపాను అప్పుడు, 2018 అక్టోబరులో, ఉద్దానం అంతా కొబ్బరిచెట్లు పడిపోయి కరెంటు లేకపోతే, జనం బ్యాటరీ పెట్టెలు ఎత్తుకొచ్చేవారు ఫోన్లు చార్జింగ్ చేసి పెట్టమని. అప్పుడు ముడులు అందంగా ఉన్నాయా అని ఎవరు చూశారు? చేతికి ఏది దొరికితే అది.

బావ: (కాసేపు ఆగి) అవును. ఆ రోజుల్లో మీ నాన్నగారు వాకిట్లోనే కూర్చునేవారు.

బామ్మర్ది: ఊఁ. వదిలెయ్. ఆ ముడి చూపించు.

బావ: ఇదిగో, పెన్సిల్ మీద. దారం చుట్టూ తిరిగి వచ్చాక, ఆ చుట్టు అడుగు నుంచి దూరి ముందుకు పోవాలి. అప్పుడు ఆ చుట్టే దారాన్ని అదిమి పడుతుంది. ఇప్పుడు పెన్సిల్ మెల్లగా లాగెయ్.

బామ్మర్ది: దారంలో ముడులు మిగిలాయే!

బావ: అదీ పరీక్ష. పైనుంచి దాటిస్తే అది ఉత్త హాఫ్ హిచ్. పెన్సిల్ తీయగానే దారం తిన్నగా అయిపోతుంది. చూడ్డానికి రెండూ ఒకటే.

బామ్మర్ది: ఇది బాగుంది. ఏం దారం? బారువలో వలలకి వాడే నైలాన్ పనికొస్తుందా?

బావ: ఒంటి పోగుది వద్దు, జారిపోతుంది. పోగులు పేనినది అయితే సరే, తేనెమైనం పట్టిస్తే.

బామ్మర్ది: కొవ్వొత్తి చాలదా?

బావ: కొవ్వొత్తి మైనం పొడిపొడిగా రాలి బోర్డు మీద పడుతుంది. తేనెమైనం అంటుకునే ఉంటుంది. మహేంద్రగిరి వైపు నుంచి తేనె తెచ్చేవాళ్ళని అడిగితే...

బామ్మర్ది: మళ్ళీ తేనెమైనమే! బరంపురంలో చెప్పులు కుట్టే మైనపు దారం రీలు కొనుక్కుంటే పోదా?

బావ: అది మందం. చిన్న కట్టలకి ముడి లావైపోతుంది.

బామ్మర్ది: సన్నం రకం కూడా ఉంటుంది బావా, పందెం.

బావ: ఏ కొట్లో?